డయల్-అప్ మోడెమ్ మార్చిన ప్రతిసారీ నిజంగా లాభం ఉండేదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ మేనమామ అటక మీద నుంచి 486 చిప్పు ఉన్న ఒక పాత కంప్యూటర్, దానితోపాటు 14.4 మోడెమ్ (ఫోన్ తీగ మీదుగా కంప్యూటర్‌ను నెట్‌కు కలిపే పెట్టె) దించి ఇచ్చారు. ఆ రోజుల్లో జనం 14.4 నుంచి 28.8కి, తర్వాత 33.6కి, ఆ తర్వాత 56కేకి వరసగా మారేవారని విన్నారు (సెకనుకు ఎన్ని వేల బిట్లు పోతాయో చెప్పే అంకెలివి). డబ్బు పెట్టి మారినందుకు ఫలితం దక్కేదా, లేక ఏడాదికో ఫోన్ మార్చే ఇప్పటి మోజు లాంటిదేనా అని మీ సందేహం.

ఆ మెట్లన్నీ ఎక్కినవాణ్ణి నేను, రెండు చోట్ల జారిపడ్డాను కూడా. కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను. 14.4 నుంచి 28.8కి మారడం పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం చేసింది. 28.8 నుంచి 33.6కి డబ్బు పెట్టి మారడం దండగ. 56కే సంగతి మాత్రం మోడెమ్ చేతిలో కన్నా ఇంటి నుంచి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ దాకా పోయే తీగ చేతిలోనే ఎక్కువగా ఉండేది. పెట్టిన ఖర్చుతో పోలిస్తే ఈ మూడింటికంటే ఎక్కువ లాభం నాకు ఒక పాత ప్లగ్గు పీకేస్తే వచ్చింది, అది తర్వాత చెప్తాను.

మా ఇంట్లోకి మొదటి మోడెమ్ 1995లో వచ్చింది. పుస్తకం సైజు పెట్టె, ముందువైపు వరసగా ఎర్ర లైట్లు. సెకనుకు 14,400 బిట్లు. 1991లో వచ్చిన వి.32బిస్ ప్రమాణం (మోడెమ్‌లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో చెప్పే నియమావళి) అది. అంతకుముందు 2400 వాడినవాళ్ళకు అది పుష్పక విమానమే. నేను మాత్రం నేరుగా అక్కడే మొదలుపెట్టాను కాబట్టి రెండు వారాల్లోనే అది ఎద్దుబండిలా కనిపించడం మొదలైంది. పైగా ఫోన్ బిల్లు నిమిషాల లెక్క, ప్రొవైడర్ (నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీ) బిల్లు గంటల లెక్క. రెండు మీటర్లు ఒకేసారి తిరిగేవి. ఫైలు ఇంకా పది శాతం మిగిలి ఉండగా నాన్న గోడ గడియారం వైపు చూశారంటే నాకు టెన్షన్.

అప్పుడు కాగితం మీద లెక్క వేశాను. 1 ఎంబీ ఫైలు డౌన్‌లోడ్ కావడానికి 14.4లో దాదాపు 9 నిమిషాల 40 సెకన్లు. 28.8లో 4 నిమిషాల 50 సెకన్లు. తర్వాతి ఏళ్ళలో అదే కాగితం కింద ఇంకో రెండు వరసలు చేర్చాను: 33.6లో 4 నిమిషాల 10 సెకన్లు, 56కే మోడెమ్ మా ఇంట్లో నిజంగా కలిసిన 45,333 వేగంలో 3 నిమిషాల 5 సెకన్లు. నేను నెలకు సుమారు 40 ఎంబీ దించేవాణ్ణి. ఆ లెక్కన 14.4లో ఆరున్నర గంటలు పట్టే పని 28.8లో మూడుంపావు గంటల్లో అయిపోతుంది. అంటే నెలకు మూడు గంటలకు పైగా మిగులు. అక్కణ్ణుంచి 33.6కి పోతే ఇంకో 28 నిమిషాలు మిగులుతుంది. 45,333కి పోతే దాని మీద మరో 43 నిమిషాలు. పెట్టె మీద అంకెలు పెరుగుతూ పోయాయి గానీ చేతికొచ్చే నిమిషాలు మొదటి మెట్టు దగ్గరే ఎక్కువ. పెట్టె మీది అంకె చూసి కొన్నవాళ్ళు మోసపోయింది ఇక్కడే. వేగం సంగతి అటుంచి, మిగిలే సమయాన్ని లెక్కేసుకోవాల్సింది.

కొత్త 28.8 మోడెమ్ ఖరీదు మా నెల ఫోన్ బిల్లుకు నాలుగింతలు. బిల్లులో సగం నా డౌన్‌లోడ్‌లదే. అందులో సగం తగ్గినా పదహారు నెలల్లో మోడెమ్ డబ్బు తిరిగొస్తుందని నాన్నకు వివరించాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "పదహారు నెలలా? ఈలోపు ఇంకోటి వస్తుందిగా" అన్నారు. మోడెమ్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు, కానీ ఆ మాట అక్షరాలా నిజమైంది.

సరే, 1996 మొదట్లో 28.8 కొన్నాం. వి.34 ప్రమాణం ఉన్నదే కావాలని పట్టుబట్టాను. ఎందుకంటే వి.34 ఖరారు కాకముందే వి.ఎఫ్‌సీ పేరుతో 28.8 మోడెమ్‌లు అమ్మారు. అవతలి వైపు కూడా వి.ఎఫ్‌సీ తెలిసిన మోడెమ్ ఉంటేనే వాటికి ఆ వేగం వచ్చేది, లేకపోతే 14.4కి దిగిపోయేవి. అది తప్పించుకున్నందుకు నన్ను నేను మెచ్చుకుంటూ ఇంటికి వచ్చి తగిలించాను. కనెక్ట్ అయింది. ఫైలు దించడం మొదలుపెడితే 14.4 కన్నా నెమ్మది! మధ్యమధ్యలో ఆగడం, తప్పులొచ్చి మళ్ళీ మొదటి నుంచి పంపించుకోవడం.

మీ 486కి కూడా ఇది పనికొస్తుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెప్తాను. తప్పు మోడెమ్‌ది కాదు, కంప్యూటర్ వెనక మోడెమ్ తీగ తగిలించే సీరియల్ పోర్టుది. పోర్టులో యూఆర్ట్ అనే చిప్పు ఉంటుంది. మోడెమ్ నుంచి వచ్చే బిట్లను బైట్లుగా పేర్చి ప్రాసెసర్‌కు అందించడం దాని పని. పాత 8250, 16450 చిప్పుల్లో అందిన బైటును దాచుకోవడానికి ఒక్కటే గది. పోర్టు 57,600 వేగంలో నడుస్తుంటే దాదాపు 174 మైక్రోసెకన్లకు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు) ఒక బైటు వచ్చి పడుతుంది. ఆ లోపల ప్రాసెసర్ వచ్చి ఉన్నదాన్ని తీసుకుపోకపోతే కొత్త బైటు పాతదాని నెత్తినెక్కుతుంది. విండోస్‌కు ముందటి తరం డాస్‌లో ఒకే ప్రోగ్రామ్ నడిచినప్పుడు ఎలాగో నెట్టుకొచ్చేది. విండోస్‌లో హార్డ్ డిస్క్ కాస్త గరగరలాడితే చాలు, ప్రాసెసర్ అటు పోయేది, ఇటు బైట్లు పోయేవి. 16550ఏ చిప్పులో 16 బైట్లు క్యూలో నిలబడే చోటు ఉంది. ఆ చిప్పు ఉన్న కార్డు ఒకటి కొని లోపల బిగిస్తే రోగం కుదిరింది. మోడెమ్ ఖర్చు లెక్కలో ఈ కార్డు లేదని నాన్న గుర్తుచేయడం మాత్రం మర్చిపోలేదు.

మీ కంప్యూటర్‌లో ఏ చిప్పు ఉందో డాస్‌లో ఎంఎస్‌డీ (MSD) అని టైప్ చేసి, కామ్ పోర్టుల (సీరియల్ పోర్టుల) వివరాలు తెరిస్తే కనిపిస్తుంది. 8250 అని వస్తే 14.4తోనే సంతృప్తి పడటం మంచిది. కంప్యూటర్ లోపల బిగించే మోడెమ్‌లకు ఈ బాధ లేదు, వాటి చిప్పు వాటి మీదే ఉంటుంది. అయినా నేను బయటి పెట్టె పక్షమే. మొండికేసినప్పుడు కంప్యూటర్ ఆపకుండానే దాని స్విచ్ ఆపి వేయొచ్చు, లైట్లు చూసి ఏం జరుగుతోందో ఊహించొచ్చు.

చిప్పు మార్చాక 28.8 నిజంగా 28.8లా పనిచేసింది. 60 కేబీ వెబ్ పేజీ 34 సెకన్ల నుంచి 17 సెకన్లకు వచ్చింది. ఒక పేజీ నొక్కి, లేచి మంచినీళ్ళు తాగి వచ్చే అలవాటు పోయింది. మొత్తం ప్రయాణంలో కంటికి కనిపించేలా తేడా తెలిసిన మార్పు ఇదొక్కటే.

ఉత్త అక్షరాలైతే ఇంకా వేగంగా వచ్చేవి. వి.42బిస్ అనే కుదింపు పద్ధతి మోడెమ్‌లోనే ఉండేది. కాగితం మీద నాలుగింతల దాకా అనేవారు, మామూలు అక్షరాల ఫైళ్ళకు రెండింతలు తేలిగ్గా వచ్చేది. జిప్ ఫైళ్ళకు, జేపెగ్ బొమ్మలకు మాత్రం ఏమీ రాదు. అవి ముందే పిండేసిన చెరకు, మళ్ళీ గానుగలో పెట్టినా రసం రాదు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 115,200 అని రాసేది ఈ నాలుగింతల లెక్కతోనే.

ఆ అంకె ఇంకో తమాషా కూడా చేసింది. నా స్నేహితుడొకడు 33.6 కొని, "నాది 115,200లో కనెక్ట్ అవుతోంది" అని చెప్పుకు తిరిగేవాడు. విండోస్ 95 కిటికీలో నిజంగానే అలా కనిపించేది. అది కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య వేగం, ఫోన్ లైను మీది వేగం కాదు. లైను వేగం చూపించేలా మోడెమ్ సెట్టింగ్ మారిస్తే 26,400 అని వచ్చింది. పాపం, ఆ రోజంతా మాట్లాడలేదు.

33.6 కథ అంతే. 1996లో వి.34కే పైన రెండు మెట్లు చేర్చారు, 31,200, 33,600. మామూలు ఫోన్ లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దాల కోసం కట్టింది. ఆ ఇరుకు సందులో అంత దూరం రావడమే గొప్ప. కానీ ఆ పై మెట్లు అందాలంటే తీగ మీద రొద దాదాపు ఉండకూడదు. నా 28.8కి ఉచితంగా ఫర్మ్‌వేర్ (మోడెమ్ లోపల ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్ దొరికితే వేసుకున్నాను. మంచి రోజున 31,200, వాన పడితే 24,000. కొత్తది కొన్న స్నేహితుడికీ అంతే.

ఇక 56కే. దీని వెనకున్న తెలివి నాకు ఇప్పటికీ నచ్చుతుంది. ఎక్స్ఛేంజ్ మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్ల అంకెగా మారుస్తుంది. అంటే సెకనుకు 64,000 బిట్లు. కొలతను దగ్గర్లో ఉన్న అంకెకు సర్దినప్పుడల్లా పుట్టే చిన్న తేడా రొదగా మారుతుంది. 33.6 దగ్గర అడ్డం పడింది ఆ రొదే. ప్రొవైడర్ ఎక్స్ఛేంజ్‌కు నేరుగా డిజిటల్ లైనుతో కలిస్తే అతని వైపు నుంచి ఈ కొలత గోలే ఉండదు. అంకెలు అంకెలుగానే వచ్చి, మన దగ్గరి ఎక్స్ఛేంజ్‌లో ఒక్కసారి మాత్రం శబ్దంగా మారతాయి. 8 బిట్లలో 7 నమ్మకంగా వాడుకుంటే 56,000. అమెరికాలో అయితే సిగ్నల్ బలం మీదున్న నిబంధన వల్ల 53,333 దాటే వీలు కూడా ఉండేది కాదు.

ఇది కిందికి వచ్చే దారికే. మనం పంపే దారి పాత పద్ధతే, గరిష్ఠంగా 33,600. ఫైళ్ళు పంపడమే పనిగా ఉన్నవాళ్ళకు 56కే వల్ల ఒరిగిందేమీ లేదు. దారిలో రెండోసారి మార్పిడి జరిగినా ఆట ముగిసినట్టే. ఆఫీసుల్లో అనలాగ్ పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లను కలిపే చిన్న ఎక్స్ఛేంజ్) వెనక ఉన్న ఫోనుకు తగిలించినా, ఒకే జత తీగ మీద రెండు కనెక్షన్లు నడిపే పెట్టె మధ్యలో ఉన్నా మోడెమ్ చప్పుడు చేయకుండా వి.34కి దిగిపోయేది.

1997లో రెండు పక్షాలు బయల్దేరాయి. యూఎస్ రోబోటిక్స్ వాళ్ళది ఎక్స్2, రాక్‌వెల్, లూసెంట్ వాళ్ళది కే56ఫ్లెక్స్. రెండూ 56కేనే, కానీ ఒకదాని భాష ఇంకోదానికి రాదు. నేను ఆత్రం ఆపుకోలేక ఒక పక్షం మోడెమ్ కొన్నాను. మా ప్రొవైడర్ రెండో పక్షం ఎంచుకున్నాడు. ఫోన్ చేసి అడిగితే "త్వరలో రెండూ పెడతాం" అన్నారు, పెట్టలేదు. చేతిలో 56కే, లైను మీద 31,200, అదీ పాత మోడెమ్ ఇచ్చిన వేగమే. నేను జారిపడ్డ మొదటి మెట్టు ఇది.

1998 ఫిబ్రవరిలో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూలో వి.90 అనే ఒకే ప్రమాణం మీద ఒప్పందం కుదిరింది. నా అదృష్టం కొద్దీ మోడెమ్‌ను ఫ్లాష్ చేసి, అంటే ఫర్మ్‌వేర్ తిరగరాసి, వి.90కి మార్చే వీలుంది. ఫ్లాష్ చేస్తున్నంతసేపూ కరెంటు పోకూడదని మొక్కుకున్నాను. ప్రొవైడర్ కూడా మారాక మొదటిసారి 42,667 అని కనిపించింది. అంటే ఆరేడు నెలలు ఆగి ఉంటే, అప్పటికి ధర కూడా దిగి ఉండేది, ఇంత తతంగమే ఉండేది కాదు. ప్రమాణం ఖరారు కాకముందు మోడెమ్ కొనడమంటే పెళ్ళిచూపులకు ముందే శుభలేఖలు అచ్చువేయించడం.

రెండోసారి జారింది ఇంతకంటే సిగ్గుపడాల్సిన విషయం. అక్క కంప్యూటర్‌కు చవకగా వస్తోందని లోపల బిగించే 56కే కార్డు ఒకటి కొన్నాను. ధర మంచి బయటి మోడెమ్‌లో మూడో వంతు. అది సగం మోడెమే అని తర్వాత తెలిసింది. శబ్దాన్ని బిట్లుగా మార్చే కష్టమంతా కంప్యూటర్ ప్రాసెసర్ నెత్తిన వేసి, తాను తీగ పట్టుకుని కూర్చునే రకం. విన్‌మోడెమ్ అనేవాళ్ళం. కొత్త పెంటియమ్ మీద ఫర్వాలేదు గానీ, అక్కది పాత యంత్రం. ఏదైనా పెద్ద ప్రోగ్రామ్ తెరిస్తే లైను కట్. లినక్స్‌లో అయితే అసలు మోడెమ్ ఉన్నట్టే గుర్తించేది కాదు. నాలుగు నెలల తర్వాత దాన్ని తీసేసి నా పాత 28.8 అక్కకు ఇచ్చాను. అది ఈ కొత్తదానికంటే వేగంగా పనిచేస్తోందని తను ఇప్పటికీ నన్ను ఎగతాళి చేస్తుంది.

ఇప్పుడు ఆ ప్లగ్గు సంగతి. 42,667 దగ్గర ఆగిపోయిందేమిటని ఒక ఆదివారం మోడెమ్ తీగను ఇంట్లోకి లైను వచ్చే మొదటి డబ్బా దగ్గరే తగిలించి చూశాను. 48,000! అంటే తప్పు ఇంటి లోపలే ఉంది. వెతికితే వంటింటి ఎక్స్‌టెన్షన్ ఫోన్ ప్లగ్గు తుప్పు పట్టి ఉంది, పైగా మోడెమ్ దాకా వేసిన బల్లపరుపు తీగ పది మీటర్లు కరెంటు వైరును ఒరుసుకుంటూ పోతోంది. ప్లగ్గు పీకేసి, మెలిపెట్టిన జత తీగ వేరే దారిన లాగితే 45,333 స్థిరంగా నిలబడింది, అంతకంటే ముఖ్యంగా కట్ కావడం ఆగింది. రొద పెరిగినప్పుడల్లా రెండు మోడెమ్‌లూ పని ఆపి మళ్ళీ శ్రుతి సరిచూసుకుంటాయి, అలా సెకన్లు సెకన్లు పోతాయి. అందుకే ఊగిసలాడే 48,000 కన్నా కదలని 44,000 మేలు. కొన్నాళ్ళు నేనే కావాలని వేగానికి పై హద్దు పెట్టి నడిపాను, ఫైళ్ళు ముందుకంటే త్వరగా దిగాయి. తీగ ఖర్చు మోడెమ్ ధరలో ఇరవయ్యో వంతు కూడా లేదు. నన్ను అప్పట్లో ఎవరైనా సలహా అడిగితే ముందు తీగ చూసుకోమనే చెప్పేవాణ్ణి.

ఏ మోడెమ్ మార్చినా మారనివి కూడా ఉన్నాయి. డయల్ చేశాక కీచుమంటూ కలవడానికి పట్టే అర నిమిషం 56కే దాకా అలాగే ఉంది. 2000లో వచ్చిన వి.92లో దాన్ని తగ్గించారు, మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే కనెక్షన్ పోకుండా మాట్లాడే ఏర్పాటు కూడా పెట్టారు, కానీ దానికీ ప్రొవైడర్ వైపు సాయం కావాలి. నొక్కిన ప్రతిదానికీ అవతలి నుంచి మొదటి జవాబు రావడానికి పట్టే ఆలస్యం పెద్దగా తగ్గలేదు, నెట్‌లో ఆటలాడేవాళ్ళకు కొత్త మోడెమ్ నిరాశే మిగిల్చింది. రాత్రి తొమ్మిదికి ప్రొవైడర్ నంబరు ఎంగేజ్ రావడం, కలిసినా అతని లైనే ఇరుకై పేజీలు కదలకపోవడం, వీటికి మన దగ్గర మందు లేదు. ఇంట్లోవాళ్ళ నిద్ర చెడకుండా ఉండటానికి మాత్రం మందు ఉండేది: ఏటీఎం0 (ATM0) అని టైప్ చేస్తే మోడెమ్ స్పీకర్ నోరు మూసుకునేది. డబ్బులిచ్చే ఏటీఎం కాదు లెండి, అది డబ్బు మిగిల్చింది కూడా లేదు.

ఈమెయిలు మాత్రమే చూసుకునేవాళ్ళకు అసలు మోడెమ్ మార్చే అవసరమే లేదు. కనెక్ట్ కావడం, ఉత్తరాలు దించుకోవడం, లైను పెట్టేయడం, తర్వాత తీరిగ్గా చదివి జవాబులు రాసుకుని మళ్ళీ ఒకసారి కలవడం. మా పక్కింటి మాస్టారు 14.4తోనే ఇలా ఏళ్ళు గడిపారు, ఆయన బిల్లు నా బిల్లులో ఐదో వంతు. లైను మీద ఉండి చదివేవాళ్ళకు ఏ మోడెమ్ ఉన్నా మీటర్ అదే వేగంతో తిరుగుతుంది కదా.

నా బిల్లు సంగతంటారా, 28.8 వచ్చిన మొదటి నెల తగ్గింది. రెండో నెలకు మళ్ళీ మామూలే. పని సగం టైములో అవుతోందని రెట్టింపు ఫైళ్ళు దించడం మొదలుపెట్టాను. అంతకుముందు 5 ఎంబీ ఫైలు జోలికే పోనివాణ్ణి, ఇప్పుడు అది అరగంటలోపే కదా అని నొక్కేవాణ్ణి. పదహారు నెలల లెక్క కాగితం ఎక్కడో పోయింది, నేను వెతకలేదు. నాన్న కూడా అడగలేదు, ఎందుకంటే అప్పటికి ఆయన కూడా సాయంత్రం వార్తల పేజీల ముందు కూర్చోవడం మొదలుపెట్టారు.

ఇక మీ చేతిలో ఉన్నదాని గురించి. ఇప్పుడు దానికి వేగం పెంచే ఖర్చేమీ పెట్టకండి, 14.4తో 486 హాయిగా నడుస్తుంది. కానీ అడాప్టర్ పోయి ఉంటే చేతికి దొరికింది తగిలించవద్దు. ఆ కాలపు బయటి మోడెమ్‌లలో కొన్నిటికి డీసీ కాదు, ఏసీ ఇచ్చే అడాప్టరే కావాలి. ప్లగ్గు ఒకేలా ఉంటుంది. మోడెమ్ అడుగున ఉన్న చీటీ మీద ఏది రాసి ఉందో, ఎన్ని వోల్టులో ఒకసారి చూసి ఇక్కడ రాయండి, ఏది సరిపోతుందో చెప్తాను.